ఉమ్మడి డిస్కులో తలుపులు

ఇంటి ముందు గది ఆఫీసు
సోమవారం

వదినా,

నువ్వు ఉద్యోగానికని కొండెక్కిన దగ్గర్నుంచి ఇంట్లో నా గోడు వినే నాథుడు లేడు. ఫోను చేద్దామంటే మీ దగ్గర ఫోన్లు నిషేధం. ఆకాశం గుసగుసలు వినే మీ రేడియో టెలిస్కోపుల పెద్ద గిన్నెల పక్కన సెల్‌ఫోను మోగితే వాటి చెవులు గింగిర్లెత్తిపోతాయట కదా. ఉన్న ఇంటర్నెట్టు తీగ కూడా గిన్నెల పనికే తప్ప మన కబుర్లకు కాదట. సరే, మీ కొండకి కూరగాయలు మోసే వ్యానులోనే ఉత్తరం పంపుతున్నాను. టమాటాల తడికి అక్షరాలు అలికిపోతే నన్ను తిట్టకు.

అసలు సంగతి ఏమిటంటే, మన ఇళ్ళ ప్లాన్ల ఆఫీసుకి దయ్యం పట్టింది. నాన్న, బాబాయ్, అన్నయ్య, నేను గీసేవన్నీ ఉండేది పిన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్న ఆ ఉమ్మడి డిస్కులోనే కదా. పాత డబ్బా చెడిపోయి కొత్తది బిగించాక, అందులో ఎవరూ పెట్టని ఫైళ్ళు పుట్టుకొస్తున్నాయి. మొదట ఒక వంకర గీత, తర్వాత నోరు తిరగని అంకెలు, చివర టి-ఎమ్-పి అని తోక. ఒక ప్లాను తెరిచి కిటికీ కాస్త జరిపి సేవ్ చేస్తే చాలు, పక్కన ఒక పిల్ల ఫైలు. మళ్ళీ సేవ్ చేస్తే ఇంకోటి. ఇప్పుడు డబ్బాకి ఎర్ర దీపం వెలిగింది. చోటు దాదాపు అయిపోయిందట. చిన్నవి ఇంకా పడుతున్నాయి గానీ, నిన్న నాన్న పెద్ద ప్లాను ఒకటి సగం సేవ్ అయి ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న కళ్ళజోడు తీశాడంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు.

బాబాయ్ మాత్రం ఇది దయ్యం కాదు, దొంగ అంటున్నాడు. "నా ప్లాన్లకి ఎవరో కాపీలు లాగుతున్నారు. రేపు నా కిటికీలు ఎవడి ఇంటికో ఉంటాయి చూడండి!" అని ఒకటే గోల. నాన్నేమో, "ఇంట్లో వాళ్ళని దొంగలంటావా?" అన్నాడు. అంతే, ఉప్పూ నిప్పూ అయి కూర్చున్నారు. పక్కపక్క బల్లల మీద ఉండి, "మీ బాబాయ్‌కి చెప్పు", "మీ నాన్నకి చెప్పు" అని నాతో కబుర్లు పంపుకుంటున్నారు. నెలాఖరులోగా ఇది తేలకపోతే ఆఫీసు మధ్యలో గోడ కట్టించేస్తానని బాబాయ్ శపథం చేశాడు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ వదినా, నాకు భయంగా ఉంది. ఆ రెండు బల్లలూ పక్కపక్కన లేని గది నేను పుట్టాక చూడలేదు. నువ్వు అక్కడ కొండంత డిస్కులు చూసుకుంటావు కదా, మా డబ్బా గోల నీకొక లెక్కా? తొందరగా మందు చెప్పు.

నీ ఆడపడుచు
పిడుగు

*

కొండ మీద, డిస్కుల గది
గురువారం

పిడుగమ్మకు,

నీ ఉత్తరం టమాటాలతో కాదు, ఉల్లిపాయలతో వచ్చింది. విప్పకముందే కళ్ళ నీళ్ళు పెట్టించింది.

దయ్యమూ లేదు, దొంగా లేదు. మీరు గీసే ప్రోగ్రాము ఒట్టి పిరికిది. సేవ్ కొట్టగానే, ఉన్న ప్లానుకి ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుంటుంది. కొత్త గీతలన్నీ సరిగ్గా రాసుకున్నాక ఆ కాపీని తనే తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే పాతదైనా మిగలాలని దాని జాగ్రత్త. కాబట్టి ఆ ఫైళ్ళు పుట్టడంలో వింత లేదు. పోకపోవడమే వింత. వాటిని పోనివ్వకుండా ఏదో అడ్డం పడుతోంది.

ఇక్కణ్ణించి నాకు మీ డబ్బా కనపడదు, నువ్వే నా కళ్ళు. ఒక ఖాళీ ఫైలు ఆ డిస్కులో కొత్తగా చేసి, వెంటనే డిలీట్ చేసి చూడు. ఏమంటుందో పొల్లుపోకుండా రాయి. ఇంకొకటి. ఆ చెత్త ఫైళ్ళ వివరాలు తెరిస్తే ఒక్కోదానికీ సొంతదారు పేరు ఉంటుంది. ఏ ఫోల్డర్లో ఎక్కువ ఉన్నాయి, ఎవరి పేరుతో ఉన్నాయి, చూసి చెప్పు. ఎవరు సేవ్ చేస్తే వాళ్ళ పేరే పడుతుంది.

చిన్నమామయ్యగారి కోపం సంగతి నాకు తెలియదా? మా పెళ్ళిలో ఫోటోగ్రాఫరు తనని పక్కకి జరగమన్నాడని ఆల్బమంతా అటు తిరిగి నిలబడ్డ మనిషి. గోడ దాకా వెళ్ళరులే.

మీ అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని తలుస్తాను." అంతే. బీమా కంపెనీ వాళ్ళు కూడా నాకు ఇంతకంటే ప్రేమగా రాస్తారు. ఒక మొట్టికాయ వేసి, నేను పంపానని చెప్పు.

వదిన

*

ముందు గది
ఆదివారం

వదినా,

కొంప మునిగింది. నవ్వకుండా చదువు.

నువ్వు చెప్పినట్టే ఖాళీ ఫైలు చేశాను. పేరేం పెట్టాలో తోచక, ఎలాగూ మరుక్షణం తీసేసేదే కదా అని, "బాబాయ్ ముక్కు మీద కోపం" అని పెట్టాను. చక్కగా తయారైంది. డిలీట్ కొట్టాను. "దీన్ని తొలగించే అనుమతి మీకు లేదు" అంది. నేను కన్న ఫైలు మీద నాకే అనుమతి లేదట! పోనీ పేరైనా మారుద్దామంటే దానికీ ఒప్పుకోలేదు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను. అది అక్కడే ఉంది, గుమ్మంలో అప్పులవాడిలా.

పొద్దున్నే బాబాయ్ డిస్కు తెరిచాడు. ఆయన ఫోల్డరు పేరు "బాబాయ్". అక్షరాల వరసలో దాని కిందే నా ఫైలు! ఇంకేముంది, అగ్గి మీద గుగ్గిలం. "ప్లాన్లు లాగడమే కాక నా మీద ఫైళ్ళు కూడా తెరిచారన్నమాట!" అన్నాడు. నేనే చేశానని ఒప్పుకున్నా నమ్మలేదు. "నువ్వు చిన్నపిల్లవి, నీతో ఎవరో చేయించారు" అట. వెంటనే టేపు తీసి గది మధ్య కొలవడం మొదలుపెట్టాడు. రెండో కొస పట్టుకోమని పిలిచింది ఎవర్ననుకున్నావు, నన్నే. పట్టుకున్నాను, ఏం చేయను. నాన్న తలెత్తి కూడా చూడలేదు. "కట్టుకోమను" అన్నాడంతే.

చెత్త ఎక్కువ ఉన్నది బాబాయ్ ఫోల్డర్లోనే. మిగతా వివరాలు చూడ్డానికి తీరలేదు. అన్నయ్య బాగానే ఉన్నాడు. పని ఎక్కువగా ఉంది, అందుకే పొట్టి ఉత్తరాలు. మొట్టికాయ వేశాను.

పిడుగు

*

కొండ మీద
బుధవారం

పిడుగూ,

నీ ఫైలు సంగతి చదివి నేను నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి మా పెద్దసారు వచ్చి, ఆకాశంలో ఏమైనా దొరికిందా అని అడిగారు. దొరికిందన్నాను.

నిజంగానే దొరికింది. మీ డిస్కులో పెట్టే హక్కు అందరికీ ఉంది, తీసే హక్కు ఎవరికీ లేదు. ప్రోగ్రాము తన కాపీని తీసేయబోతుంటే డబ్బా చెయ్యి పట్టుకుని ఆపుతోంది. అందుకే పేరుకుపోతున్నాయి. మామూలుగా ఎవరూ ఇలా పెట్టరు. డబ్బా బిగించిన మనిషి ఎందుకిలా పెట్టాడో కనుక్కో. సరిచేయాలంటే డబ్బాకున్న పెద్ద పాస్‌వర్డు కావాలి, అది ఎవరి దగ్గరుందో చూడు.

ఇక రెండో సంగతి. నేనడిగినవి అన్నీ రాశావు, ఒక్కటి తప్ప. ఫైలుకి పేరు పెట్టడానికి తీరింది, సొంతదారు పేరు చూడ్డానికి తీరలేదా? నోట్లో నువ్వుగింజ నానని పిల్లవి, నువ్వు ఒక మాట దాచావంటే అది నా గురించే అయ్యుండాలి. మీ అన్నయ్య పేరేనా?

తను రాయడు, నువ్వు రాయవు. నేనిక్కడ కొండ మీద కూర్చుని గిన్నెలతో మాట్లాడుకోవాలా? ఈ ఇంటికి కోడలినని నాకు ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు. ఈ పూట గుర్తొచ్చింది.

వదిన

*

ముందు గది
శనివారం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి స్నానాల గదిలోకెళ్ళి ఏడ్చాను. నువ్వన్నది నిజం. దాచాను. నువ్వంత దూరంలో ఒక్కదానివే ఉన్నావు, చెప్తే బాధపడతావని దాచాను. చెప్పకపోతే ఇంకా బాధపడతావని తోచలేదు. నా తల మీద నువ్వే ఒక మొట్టికాయ వేసుకో.

బాబాయ్ ఫోల్డర్లో ఉన్న చెత్తలో సగానికి పైగా అన్నయ్య పేరుతోనే ఉంది. నాకంటే ముందే బాబాయ్ ఆ పేరు చూశాడు. నువ్వు కొండ దిగగానే మీరిద్దరూ కలిసి వేరే ఆఫీసు పెడతారట, దానికోసం అన్నయ్య ఆయన ప్లాన్లు పోగేస్తున్నాడట. నాన్నకి ఒళ్ళు మండింది. "నా కొడుకుని దొంగ అన్నవాడితో నాకు మాటలేంటి" అన్నాడు. అసలు గొడవ ఇదీ.

అన్నయ్యని నిలదీశాను. "నేనేం కాపీ చేయలేదు" అంటాడు. "మరి ఆయన ప్లాన్లు ఎందుకు తెరిచావురా?" అంటే గోళ్ళు చూసుకుంటాడు. నీకేమని రాయాలో తెలియక ఉత్తరం మొదలుపెట్టి చించేస్తున్నాడు. నేను చూశాను.

ఇప్పుడు నవ్వే కబురు. తీసే హక్కు తీయించిందెవరో తెలుసా? పిన్ని! డబ్బా బిగించేవాడు, "ఎవరెవరు తీసేయొచ్చమ్మా?" అని అడిగాడట. "ఈ ఇంట్లో ఎవరూ ఏదీ తీసేయడానికి వీల్లేదు బాబూ. పెట్టడమే!" అందట. అతను అలాగే పెట్టేసి, పాస్‌వర్డు ఆవిడ చేతిలో పెట్టి, తర్వాత ఊరు మారిపోయాడు. మన పిన్ని అటక నీకు తెలుసుగా. చెవులు లేని కప్పులు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. ఏది పారేయబోయినా "ఎప్పుడో పనికొస్తుంది" అంటుంది. డిస్కుని కూడా ఇంకో అటక చేసి పెట్టింది.

"ఆ పాస్‌వర్డు ఒకసారి ఇవ్వు పిన్నీ, చెత్త ఊడ్చేస్తా" అన్నాను. "ఇవ్వను. అందులో దొంగతనం ఉందని మీ బాబాయ్ అంటున్నాడు, లేదని మీ నాన్న అంటున్నాడు. తేలకుండా ఊడుస్తానంటే ఎలా? పనికొస్తుంది" అంది.

బాబాయ్ గోడకి ప్లాను కూడా గీసేశాడు, డిస్కులోనే పెట్టాడు. ఇటుకలు దిగాయి. వచ్చే శనివారం మేస్త్రీ వస్తాడు. వదినా, ఏదో ఒకటి చేయవూ?

పిడుగు

*

కొండ మీద
మంగళవారం

పిడుగూ,

వ్యాను వెళ్ళిపోతోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. మూడు ముక్కల్లో రాస్తాను.

చిన్నత్తయ్యగారికి నా తరఫున దండం పెట్టు. ఆవిడ పాస్‌వర్డు ఇవ్వకపోవడమే మంచిదైంది. ఒక్క ఫైలు కూడా పోకూడదు. ఎందుకో చెప్తాను. ఆ చెత్త ఫైలు ఒక్కోటీ సేవ్ కొట్టకముందు ప్లాను ఎలా ఉందో అలాగే పట్టి ఉంచుతుంది. మీ అన్నయ్య పేరుతో ఒక ఫైలు ఉందంటే, తను ఆ ప్లానులో ఏదో మార్చాడని అర్థం. కాపీ లాక్కునేవాడు సేవ్ చేయడు, పట్టుకుపోతాడు. తను సేవ్ చేశాడు. ఏం మార్చాడో చూడు.

అక్కడే పేరు మార్చబోతే ఒప్పుకోదని నువ్వే కనిపెట్టావు. అందుకని వాటిని నీ కంప్యూటర్లోకి తెచ్చుకుని, టి-ఎమ్-పి తోక కోసేసి, ప్లానులకుండే తోక తగిలించు. మామూలు ప్లానులా తెరుచుకుంటాయి. తేదీల వరసలో తెరిచి, ఇప్పటి ప్లాను పక్కన పెట్టుకుని చూడు. ముందు నువ్వొక్కదానివే చూడు. ఊరంతా చాటకు.

మీ అన్నయ్య దొంగతనం చేయడు. అది నాకు తెలుసు. కానీ నా దగ్గర కూడా ఏదో దాస్తున్నాడు, అదే గుచ్చుకుంటోంది. భయం లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

వదిన

*

ముందు గది
శనివారం, ఇప్పుడే

నా బంగారు వదినా,

ఆగకుండా రాసేస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా సర్దుకో.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఇవాళ పొద్దున్నే కూర్చున్నాను. మొదటి ఫైలుకి తోక మార్చి తెరిచాను. ఆ మలుపు దగ్గరి డాక్టరుగారి ఇల్లు, బాబాయ్ గీసింది. పక్కన ఇప్పటి ప్లాను పెట్టుకున్నాను. గోడలు అవే, కిటికీలు అవే. ఎంత చూసినా తేడా కనపడదే! చివరికి స్నానాల గది దగ్గర ఆగాను. బాబాయ్ గీసినప్పుడు తలుపు లోపలికి తెరుచుకుంటోంది. తెరిస్తే పోయి బేసినుకి కొట్టుకుంటుంది, మనిషి పక్కకి ఒదిగి దూరాలి. ఇప్పటి ప్లానులో బయటికి తెరుచుకుంటోంది.

రెండో ఫైలు తెరిచాను. వంటగది తలుపు బీరువాకి అడ్డం. మారింది. ఇంకో ఇంట్లో పడకగదికి అసలు తలుపే లేదు! ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతుందో అంత అందంగా కిటికీలు పెట్టి, మనిషి లోపలికెళ్ళే దారి మర్చిపోయాడు. అన్నయ్య దారి పెట్టాడు. తెరిచిన ప్రతి ఫైలులోనూ తలుపులే వదినా. బాబాయ్ కిటికీలు గీస్తాడు, వాడు వెనకే వెళ్ళి తలుపులు సరిచేస్తాడు. ఇంకొక్క గీత కూడా ముట్టుకోలేదు.

ఊరంతా చాటొద్దన్నావు. చాటలేదు, ఒక్క పిన్నికి చెప్పాను. పిన్ని ఒకే ఒక్క కేక పెట్టింది, ఇల్లంతా వచ్చేసింది.

పెద్ద తెర మీద వరసగా చూపించాను. బాబాయ్ మొదట, "ఇది నేను గీసింది కాదు" అన్నాడు. చివరి తలుపు దాకా చూసి అన్నయ్య వైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళ నించి రా?"

"ఈ డబ్బా రాకముందు నించే బాబాయ్."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఒకసారి చెప్పాగా. వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. నువ్వు మాట్లాడకపోతే నాకు అన్నం సయించదు. దానికంటే తలుపు తిప్పేయడమే తేలిక."

పిన్ని ముక్కు చీదింది. నేను బయటికే ఏడ్చాను. అప్పుడు బాబాయ్, "మేస్త్రీ గుమ్మంలో కూర్చున్నాడు. ముందు ఆ గోడ ప్లాను తెరు" అన్నాడు. ఇంత చూశాక కూడా గోడేనా అనుకున్నాను. తెరవబోతే, దాని పక్కన కూడా ఒక చెత్త ఫైలు! అన్నయ్య పేరుతోనే. వాడు తల దించేసుకున్నాడు. నువ్వు చెప్పిన వరసలో ముందు చెత్త ఫైలే తెరిచాను.

బాబాయ్ గీసిన గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నిటారుగా ఉంది. వీధి గుమ్మం మొత్తం నాన్న సగంలోకి వెళ్ళిపోయింది. బాబాయ్ తన సగానికి మూడు కిటికీలు పెట్టుకున్నాడు, బయటికి వెళ్ళే దారి పెట్టుకోలేదు! నాన్న చూసి, ఇన్నాళ్ళకి ఆయనతో నేరుగా ఒక మాట అన్నాడు. "ఒరేయ్, రోజూ కిటికీలోంచి దూకుతావా?"

తర్వాత ఇప్పటి ప్లాను తెరిచాను. అన్నయ్య అందులోనూ తలుపు పెట్టాడు. కావాలంటే వీధి వైపు పెట్టొచ్చు, వేరే గుమ్మం అయిపోయేది. వాడు వీధి వైపు పెట్టలేదు. గోడకి సరిగ్గా మధ్యలో, నాన్న బల్లకీ బాబాయ్ బల్లకీ నడుమ పెట్టాడు. పక్కన చిన్న అక్షరాలతో, మేస్త్రీకి రాసినట్టు, "గడియ అక్కర్లేదు" అని రాశాడు.

బాబాయ్ దాన్ని చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న ఒక్కడే అలా చేస్తాడనుకునేదాన్ని. "గడియ లేని తలుపుకి గోడెందుకురా" అన్నాడు. అన్నయ్యని దగ్గరికి లాక్కుని వీపు మీద ఒక్కటి చరిచాడు. దెబ్బో, ముద్దో నాకు తెలియలేదు. నాన్న లేచి వెళ్ళి మేస్త్రీకి టీ ఇచ్చి పంపేశాడు. ఇటుకలు మాత్రం పిన్ని వెనక్కి పంపనివ్వలేదు. ఎందుకో నీకు తెలుసు.

పాస్‌వర్డు కూడా ఇచ్చింది, తన షరతు మీద. ఎవరు పెట్టింది వాళ్ళు తీసుకోవచ్చు, ఇంకొకరిది ముట్టుకోకూడదు. అలా పెట్టి చూశాను. సేవ్ కొడితే పిల్ల ఫైలు పుట్టింది, దానంతటదే పోయింది. ఎవరి పాత చెత్త వాళ్ళం ఊడ్చుకున్నాక ఎర్ర దీపం ఆరింది.

అన్నయ్య నీకు ఉత్తరం రాస్తున్నాడు. ఈసారి చించడం లేదు.

పిడుగు

*

కొండ మీద
బుధవారం

పిడుగూ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఈ వారం వ్యానులో ఉల్లిపాయలు రాలేదు కాబట్టి సాకు కూడా లేదు.

మీ అన్నయ్య ఉత్తరం కూడా వచ్చింది, ఎన్నో పేజీలు. బాబాయ్ పరువు ఎవరి ముందూ పోకూడదని నాకు కూడా చెప్పలేదట. చదివి కోపం తెచ్చుకుందామని శాయశక్తులా ప్రయత్నించాను. రాలేదు. ఇంత మంచివాణ్ణి కట్టుకున్నాను, నాకే సరిగ్గా తెలియలేదే అనిపించింది. ఈ మాట తనకి చెప్పకు, నేనే వచ్చి చెప్తాను.

సెలవు దొరికింది. నెల మొదట్లో దిగుతున్నాను. గోడ లేని గది చూడాలి, చిన్నమామయ్యగారి కాళ్ళకి దండం పెట్టాలి. వచ్చేలోపు ఒక్క పని చేసి పెట్టు తల్లీ. ఆయన ముక్కు మీద కోపాన్ని డిస్కులోంచి తీసెయ్. ఇప్పుడు నీకు ఆ హక్కు ఉంది. నేనొచ్చేసరికి అది కనిపిస్తే ఆయన ముందు నాకు నవ్వాగదు.

వదిన

*

ముందు గది
ఆదివారం

వదినా,

తీసేద్దామని కూర్చున్నాను. డిలీట్ మీద వేలు పెట్టానో లేదో, వెనక నుంచి బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీవే" అన్నాడు. "మళ్ళీ ఎప్పుడైనా కోపం వచ్చినప్పుడు చూసుకుంటాను. పనికొస్తుంది."

తొందరగా రా.

పిడుగు